మంచి బిందె కోసిన పెద్దమనిషి

మొన్న మా స్నానాలగదిలో గీజరు మొరాయించింది. చూడడానికి వచ్చిన మెకానిక్కు మూత విప్పి, టార్చిలైటు వేసి లోపలికి తొంగిచూసి, పెదవి విరిచాడు. ట్యాంకు అడుగు పోయిందట, లోపలి కడ్డీ కూడా పోయిందట. బాగుచేయించే ఖర్చుకు ఇంకాస్త కలుపుకుంటే కొత్తదే వస్తుందట. మా కోడలు సరేనన్నట్టు తల ఊపుతోంది. నేను లేచి వెళ్ళి ఆ తెల్లటి డబ్బాను కొంగు తీయకుండానే వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గరగా పెట్టాను.

"ఏటి పోయిందో సూపించు ముందు. ఎంతవుద్దో తర్వాత సెబుదువు" అన్నాను.

మాట నా నోటినుంచే వచ్చింది గాని, ఆ మాట నాది కాదు. ఆ తట్టడమూ నాది కాదు. రెండింటి సొంతదారూ పోయి ఎన్నో ఏళ్ళయింది. మెకానిక్కు డబ్బా విప్పుతున్నంతసేపూ నేను కుర్చీలో కూర్చుని ఆయన్నే తలుచుకుంటూ ఉండిపోయాను.

ఆయన పేరు చెప్పను. చెబితే నవ్వేవాళ్ళు మా వీధిలో ఇంకా ఒకరిద్దరు మిగిలి ఉన్నారు. నేను అనకాపల్లికి కోడలిగా వచ్చిన యుద్ధం రోజుల్లో ఆయనది మా ఎదురిల్లు. వరస కాకపోయినా మామగారూ అని పిలిచేదాన్ని. బెల్లం మార్కెట్టులో ఒక షావుకారు తరఫున దిమ్మలు చూసే పని ఆయనది. రైతు బండి దించగానే ఈయన వంగి, ఒక్కొక్క దిమ్మనూ వేలి కణుపుతో తట్టి, చెవి వాల్చి వినేవాడు. లోపల తడి ఉంటే ఒకలాంటి చప్పుడు, గట్టిగా ఆరి ఉంటే ఇంకోలాంటి చప్పుడు. పగలంతా అదే పని కావడంతో సాయంత్రం ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకునేది కాదు. గుమ్మడికాయను తట్టేవాడు, గోడను తట్టేవాడు, ఎవరింటికి వెళ్తే వాళ్ళ తలుపును, పిలవడానికి కాదు, వినడానికి తట్టేవాడు. ఒకసారి బంధువుల పెళ్ళిచూపులకు వెళ్ళి, అవతలివాళ్ళ ఇంటి స్తంభాన్ని తట్టి చెద పట్టిందన్నాడట. సంబంధం తప్పిపోయింది. చెద మాత్రం నిజమేనట.

ఎప్పుడూ ఆయన మాటే నెగ్గేదని అనుకోకండి. మా సొంత మామగారు బెజవాడనుంచి తెచ్చుకున్న గోడగడియారం ఒక నిమిషం వెనకబడుతోందని ఎవరో అంటే, ఈయన వచ్చి దాని పక్కన తట్టాడు. అది అక్కడితో ఆగిపోయి మళ్ళీ నడవలేదు. అందుకు ఆయనేమీ సిగ్గుపడలేదు. ఎందుకు ఆగిందో తెలుసుకోవాలని రోజూ సాయంత్రం వచ్చి దాని ముందు నిలబడేవాడు. గడియారం పోయిన బాధకన్నా ఈ పరామర్శలు ఎక్కువైపోయాయని మా అత్తగారు విసుక్కునేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో వీధిలో అందరూ వచ్చి చూసి వెళ్ళారు. ఎవరి పిల్ల, తండ్రికి ఎంత భూమి, అప్పచెల్లెళ్ళు ఎందరు అని అడిగారు. ఈయన అరుగు దగ్గర ఆగి, ఏ ఊరమ్మా అన్నాడు. ఏటికొప్పాకండి అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"కొయ్యబొమ్మలకి లక్క వేత్తారే, ఆ ఊరేనా? అయితే సెప్పు తల్లీ. లక్క ఎంత వేడికి కరుగుతాది?"

మా ఇంట్లోవాళ్ళది వ్యవసాయం. బొమ్మలు చేసేవాళ్ళు మా వీధి చివర ఉండేవారు. వాళ్ళ పాకల ముందునుంచి రోజూ బడికి వెళ్ళినదాన్నే గాని, లక్క సంగతి ఎప్పుడూ అడగలేదు. తెలవదండి అన్నాను. నూతి దాకా వెళ్ళి ఖాళీ చేదతో తిరిగొచ్చినదాన్ని చూసినట్టు చూశాడు నన్ను. కొత్తకోడల్ని అడిగే మాటేనా అది అని మా అత్తగారు కసురుకుంది. ఆయన వెళ్ళిపోయాడు. కాని ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. బెల్లం దిమ్మలు చూసుకునే మనిషికి లక్కతో ఏం పని? ఆ తరువాత ఎప్పుడు ఎదురుపడ్డా, ఇంకోసారి అడుగుతాడేమో, కారణం చెబుతాడేమో అని చూసేదాన్ని. అడగలేదు, చెప్పలేదు.

ఆ రోజుల్లో కాస్త కలిగినవాళ్ళ పెరళ్ళలో రాగి బాయిలర్లుండేవి. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. పీపాలాంటి పెద్ద రాగి పాత్ర. దాని నడిమధ్య నిలువునా ఒక రాగి గొట్టం. ఆ గొట్టంలో కొబ్బరిచిప్పలూ, బొగ్గులూ, ఎండిన చెరుకుపిప్పీ వేసి అంటిస్తే, చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. కింద పక్కగా కుళాయి. పొద్దున్నే మా వీధి పెరళ్ళన్నిటినుంచీ పొగ లేచేది. యుద్ధంతో రాగి ధర ఆకాశానికి ఎక్కింది. కొత్త బాయిలరు కొనడమన్న మాట లేదు. ఉన్నదానికే కన్నం పడ్డచోట కంచరివాళ్ళ చేత రాగి మాటు వేయించుకుని, కళాయి పూయించుకుని ఈడ్చుకురావాలి. ఆ మాటుకు ఎంత అడుగుతారో, ఎంత ఇవ్వాలో ఎవరికీ అంతుపట్టేది కాదు. అందుకని బాయిలరు కారిందంటే మావాళ్ళు కంచరి ఇంటికన్నా ముందు ఎదురింటాయన దగ్గరికి పరిగెత్తేవారు.

ఆయన కూలి సంగతి చివరిదాకా ఎత్తేవాడు కాదు. ముందు ఏం పోయిందో చూపించాలి. బాయిలరు చుట్టూ తిరుగుతూ పైన, నడుముకు, అడుగున తట్టేవాడు. తరువాత, నీళ్ళు పోయకముందే నిప్పు వేశారా అని అడిగేవాడు. ఏ ఇల్లాలూ ఒప్పుకునేది కాదు. నీళ్ళు లేకుండా నిప్పు తగిలితే అతుకుల్లో టంకం కరిగి కారిపోతుందని అందరికీ తెలుసు మరి. ఆయన నేలమీద కూర్చుని అడుగున చిన్న చిన్న సీసపు బొట్లు వెతికి, అరచేతిలో పెట్టి చూపించేవాడు. అబద్ధం మనుషులకొచ్చు గాని టంకానికి రాదనేవాడు.

మా ఊరివాళ్ళు మాత్రమే చేసే తప్పు ఇంకొకటి ఉండేది. బెల్లం ఊరు కదా, ఏది కారినా బెల్లమూ సున్నమూ కలిపి నూరి పెట్టేయడం. మట్టి తొట్టికి అది బాగానే నిలుస్తుంది, గోడకు ఇంకా బాగా నిలుస్తుంది. కాగే నీళ్ళ పాత్రకు నిలవదు. నిలవకపోగా, ఆ ముద్ద మాడి రాగికి కరుచుకుంటుంది. దాన్ని గీకడానికే కంచరికి ఒక పూట పడుతుంది, ఆ పూట కూలి మనమీదే పడుతుంది. బెల్లం పెట్టకండర్రా అని ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. బెల్లం అమ్ముకుని బతికే మనిషి బెల్లం వద్దంటున్నాడని జనం నవ్వేవారు.

నా పెద్దవాణ్ణి ఎత్తుకుని పుట్టింటినుంచి నేను తిరిగొచ్చేసరికి మా బాయిలరు కారుతోంది. మా అత్తగారు ఎవరికీ చెప్పకుండా సున్నమూ బెల్లమూ నూరి, దట్టంగా మెత్తేసింది. మర్నాడు పసివాడికి నీళ్ళు పోస్తే నీళ్ళకు పాకం వాసన. వాడి ఒళ్ళంతా జిగురు. మధ్యాహ్నానికి పెరటి గోడనుంచి ఉయ్యాల తాడు దాకా చీమల బారు. ఆయన వచ్చి ఆ చీమల బారు వెంటే నడుచుకుంటూ వెళ్ళి, బాయిలరు దగ్గర తేలాడు. మాడిన ముద్దను గోటితో గిల్లి, నాలుక మీద వేసుకుని రుచి చూశాడు.

"బెల్లం మంచిదే వదినా. ఏ ఊరి బండి?" అన్నాడు మా అత్తగారితో. ఆవిడ కోపాన్ని ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

కంచరి వచ్చాక అసలు బేరం మొదలైంది. అప్పుడు తెలిసింది నాకు, ఈ వ్యవహారంలో అసలు ప్రశ్న కూలి కాదని. చెడిపోయిన చోట కోసి తీసేసిన పాత రాగిముక్క కంచరికే చెందడం ఆనవాయితీ. మామూలు రోజుల్లో అదెవరూ పట్టించుకునే సంగతి కాదు. యుద్ధం రోజుల్లో మాత్రం ఆ ముక్క విలువ కూలిని మించిపోతోంది. పని మొదలుపెట్టకముందే ఈయన, పాత రాగి ఎవలిది అని అడిగేవాడు. కంచరి ఉంచుకుంటే కూలి తగ్గించాలి. ఇంటివాళ్ళు ఉంచుకుంటే కూలి పూర్తిగా ఇవ్వాలి. రెండూ అడిగితే దొంగతనం, రెండూ ఎగ్గొడితే పాపం అనేవాడు. అందుకనే కంచరివాళ్ళకు ఆయనంటే కోపమేమీ లేదు. మావా అంటే మావా అని పలకరించుకునేవారు. మా బాయిలరుకు వేసిన మాటు చాలాకాలం నిలిచింది.

ఆయనది ఇంకొక సూత్రముంది. దానివల్లే ఆయనంటే నాకు కొన్నాళ్ళు ఒళ్ళు మండిపోయింది. మాటు ఖర్చు సామాను విలువలో సగం దాటిందా, మాటు మానేసి తూకానికి అమ్మేయాలి. అంతే, దానికి తిరుగు లేదు. మా పక్కింటావిడ బాయిలరు అడుగంతా పోయింది. ఆవిడకు పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను అది. ఎంతయినా సరే బాగుచేయించుకుంటానని కొంగు కళ్ళకద్దుకుంటూ నిలబడింది. ఈయన తట్టి, విని, లెక్కకట్టి, అమ్మేయమన్నాడు. ఆవిడ ఏడుపు ఎత్తుకుంది.

"రాగికి నీ పుట్టిల్లు తెలవదమ్మా" అన్నాడు.

ఆ మాట నిజమే కావచ్చు. కాని అలా అనవలసిన మాట కాదు. పాత సామాన్ల కొట్టువాడు దాన్ని బండిలో వేసుకుని పోతుంటే ఆవిడ వీధి మలుపుదాకా చూస్తూ నిలబడింది. అన్నీ తట్టి చూసే ఈ మనిషికి మనుషుల లోపల ఏముందో వినబడదని అనుకున్నాను నేను.

ఆ తరువాతి చలికాలంలో ఆయన బాయిలరే చెడింది.

వాళ్ళ పెరట్లో కంచరి దాన్ని పడుకోబెట్టి విప్పాడు. నడిమి గొట్టం ఎండుటాకులా పల్చబడిపోయింది. అడుగు వేలు పెడితే దిగబడుతోంది. ఎదురింటివారి బాయిలరంటే చిన్న సంగతా? వీధి వీధంతా ఏదో ఒక వంకన అక్కడ చేరింది. నేనూ పిల్లాణ్ణి చంకన వేసుకుని వెళ్ళాను. బజార్లో రాగి రేకు దొరకడం లేదని, దొరికినా గొట్టానికీ అడుగుకూ కలిపి బాయిలరు విలువను మించిపోతుందని కంచరి చెప్పాడు. పాత సామాన్ల కొట్టువాడు అప్పటికే కాటా తెచ్చుకుని గోడవారన కూర్చున్నాడు. పక్కింటావిడ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఏం చూడడానికి వచ్చిందో అందరికీ తెలుసు.

ఆయన పెద్దకొడుకు, "సగం దాటితే తూకానికే అని నువ్వే కదా నాన్నా సెప్పేవు" అన్నాడు. దెప్పుతూ కాదు, మామూలుగానే అన్నాడు.

ఆయన బాయిలరును తట్టాడు. మళ్ళీ తట్టాడు. వినడానికి అందులో ఇంకేమీ లేదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. లేచి ఇంట్లోకి వెళ్ళాడు. మంచినీళ్ళ రాగి బిందె ఎత్తుకుని వచ్చాడు. చింతపండు పెట్టి తోమిన బిందె, ఎక్కడా సొట్ట కూడా లేదు. అందులో నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పోసేసి, దాన్ని కంచరి ముందు పెట్టాడు.

"కొయ్యి" అన్నాడు.

కంచరి కత్తెర అందుకోలేదు. "బాయిలరు కన్నా ఈ బిందెకే ఎక్కువొత్తాది బాబూ. మంచి సామాను" అన్నాడు.

"కొయ్యమన్నాను కదా మావా. రేకు సాగ్గొట్టి గొట్టం సుట్టు."

కంచరి కత్తెర చేతిలోకి తీసుకుని, ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు నవ్వుతూ, "మరి పాత రాగి ఎవలిదండి?" అన్నాడు.

"నీదే. కూలీ నీదే. ఇయాల రెండూ ఉంచుకో" అన్నాడాయన.

బిందె మెడ దగ్గర కత్తెర పడ్డ చప్పుడుకు పక్కింటావిడ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు మాత్రం అక్కడ నవ్వాపుకుని, వీధిలోకి వచ్చాక నవ్వారు. సాయంత్రానికి బెల్లం మార్కెట్టుదాకా పాకిపోయింది ఆ సంగతి. మంచి బిందె కోసి బాయిలరుకు మాటేసిన పెద్దమనిషి అని పేరు పడిపోయింది. ఊరందరికీ బుద్ధులు చెప్పి, తనవరకు వచ్చేసరికి సూత్రం గంగలో కలిపేశాడన్నారు. ఆయన ఆ మాటకు ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

నాకు నవ్వు రాలేదు, ఎందుకన్నది మాత్రం తెలుసుకోకుండా ఉండలేకపోయాను. పిల్లాడికి మజ్జిగ కావాలన్న వంకతో వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ పొద్దెక్కితే గాని వీధిలోకి రాదు. బద్ధకమని కొందరు, గొప్పదనమని కొందరు అనుకునేవారు. ఎవరితో మాట్లాడుతున్నా రెండు చేతులూ కొంగులోనే ఉంచుకునేది. ఆ రోజు ఆవిడ జుట్టు ముడి లేకుండా భుజాలమీద పడి ఉంది. ఆవిణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు.

"కాస్త ముడి వేత్తావా అమ్మీ" అని అడిగింది నన్ను. అడిగి తల దించుకుంది.

ముడి వేస్తుంటే కొంగు జారింది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, పిడికిళ్ళు బిగిసిపోయి ఉన్నాయి. కణుపులు వాచి ఎర్రగా ఉన్నాయి. వాతమట, ఎన్నాళ్ళనుంచో. చలికాలం తెల్లారేసరికి చేతులు ఇలా బిగుసుకుపోతాయి. వేడినీళ్ళలో చాలాసేపు పెట్టుకుంటే గాని తెరుచుకోవు. బాయిలరైతే కుళాయి కిందే కూర్చోవచ్చు, చెంబు ముంచనక్కరలేదు, ఎవరూ తోడనక్కరలేదు. ఆ కుళాయి పిడికి ఆయన ఒక వెదురుకర్ర తీగతో కట్టాడట, జానెడు దూరంనుంచి మోచేత్తో నొక్కినా తిరిగేలాగ. బాయిలరు చెడిపోయినప్పటినుంచి పొయ్యిమీద కాచి కోడలు తోడి పోస్తోందట.

"కోడలు కాదనదు. ఆయనైతే ఒళ్ళు రుద్దుతానంటారు" అంది. "కానీ నాకు సిగ్గు కదే. కుళాయి కాడ ఒక్కర్తినీ కూకుని, నా సేతి వేళ్ళు విచ్చుకున్నాక, నా తల నేనే దువ్వుకుని బయటికొత్తే, ఆ రోజు నేను మనిసిని."

మోచేతిమీద చర్మం గీసుకుపోయి నల్లగా కాయ కట్టి ఉంది. వెదురు గీరుకుంటాదని చెప్పింది. లక్క వేసిన కర్రయితే నున్నగా ఉంటుందని ఆయన ఆశట. కాని వేడి కుళాయికి లక్క నిలుస్తుందో కరిగి చేతికి అంటుకుంటుందో తెలియక, ఎన్నాళ్ళనుంచో కనబడ్డవాళ్ళనల్లా అడుగుతున్నాడట.

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. అరుగుమీద కొత్తకోడలినైన నన్ను ఆయన అడిగింది ఇదన్నమాట. ఆయనకు మనుషుల లోపల ఏముందో వినబడదనుకున్నాను కదా, నా చెవుల సంగతేమిటని అప్పుడు అనిపించింది. ఆ ఇంట్లోంచి వచ్చాక ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చెప్పవద్దనలేదు. ఆయన ఊరందరి నవ్వూ భరించి దాచుకున్న సంగతి నేనెలా చెబుతాను?

మా అన్నయ్య పండక్కి పిలవడానికి బండి కట్టుకుని వస్తే, లక్క సంగతి కనుక్కురమ్మని పంపాను. ఆడపిల్ల ఏ చీర అడుగుతుందో అనుకుని వచ్చిన మా అన్నయ్య తెల్లబోయాడు. అయినా మా వీధి చివరి బొమ్మల తాతను అడిగి, మళ్ళీ వచ్చినప్పుడు చెప్పాడు. తరిణిమీద కొయ్యను గిరగిర తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుందట. వేరే నిప్పు అక్కరలేదట.

నేను ఎదురింటికి వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు. ఇంకోసారి చెప్పించుకున్నాడు. మర్నాడు మార్కెట్టుకు సెలవు పెట్టి, స్వయంగా ఏటికొప్పాక వెళ్ళిపోయాడు. పొద్దస్తమానం ఆ తాత తరిణి ముందు కూర్చుని, బొమ్మలు చేసే అంకుడు కర్రలన్నీ ఒక్కొక్కటే తట్టి చూశాడట. కర్రలో ఏమి వినబడతాది బాబూ అని తాత అడిగితే, అదే తెలుసుకుందామని వచ్చేనన్నాడట. తాతకు విసుగొచ్చి, చివరకు ఆ విసుగు పోయి, సాయంత్రం భోజనం పెట్టి పంపాడట.

తిరిగొస్తూనే ఇంటికి వెళ్ళకుండా మా అరుగెక్కి, సంచిలోంచి పిడి తీసి చూపించాడు. మూరెడు పొడవున్న అంకుడు కర్ర. కుళాయి వైపు లక్క లేని ఒట్టి కొయ్య. మోచెయ్యి ఆనే కొస మాత్రం ఎరుపూ పసుపూ పట్టెలతో అద్దంలా మెరుస్తోంది.

"వేడికి ఆగుతాదా అనే ఇన్నాళ్ళూ ఆలోసించేను గానమ్మా, వేడితోటే పుడతాదని తెలవదు" అన్నాడు. పెళ్ళికొడుకు మొహంలా ఉంది ఆయన మొహం.

ఆ తరువాత ఆయన్ని ఎవరైనా బాయిలరు గురించి అడిగితే తట్టడం, పాత రాగి ఎవరిదని అడగడం మానలేదు గాని, సగం లెక్క మాత్రం మళ్ళీ ఎత్తలేదు. దానికి బదులు, దాంతో నీకు ఏటి పని అని అడిగేవాడు. నీళ్ళు కాచుకోడానికండి అని జనం తెల్లమొహం వేసేవారు. ఎవరికి కాచాలి, ఎందుకు కాచాలి అని పట్టుకునేవాడు. ముసలాయనకు చాదస్తం ముదిరిందన్నారు. పక్కింటావిడ ఇంటికి కూడా ఒకరోజు వెళ్ళాడు. ఏం మాట్లాడాడో తెలియదు. ఆవిడ మాత్రం అప్పటినుంచి ఆయన మాట ఎవరెత్తినా నవ్వులో కలిసేది కాదు.

స్వతంత్రం వచ్చిన మరుసటి చలికాలంలో ఆయన భార్య పోయింది. చివరిదాకా తల తనే దువ్వుకుంది.

నెల మాసికం దాటగానే ఆయన పాత సామాన్ల కొట్టువాణ్ణి పిలిపించాడు. వీధిలో అందరికీ మళ్ళీ ఆశ్చర్యం. ఒకప్పుడు బిందె కోసి బతికించిన బాయిలరును ఇప్పుడు తూకానికి పెడుతున్నాడు. పెట్టడమే కాదు, టంకం బరువు తీసివేయాలని కొట్టువాడంటే ఒప్పుకోకుండా గట్టిగా బేరమాడాడు కూడా. పెళ్ళాం పోయి రెణ్ణెల్లు కాలేదు, రాయిలాంటి మనిషి అన్నారు. నేను అరుగుమీదనుంచి చూస్తున్నాను. కాటా ఎక్కించేముందు ఆయన వంగి కుళాయినుంచి కొయ్యపిడి ఊడదీశాడు. పంచెతో తుడిచి, వీధి దాటి నా దగ్గరికి వచ్చాడు.

"ఇది తూకంలోకి రాదమ్మా. నీ కాడ ఉంచు" అన్నాడు.

నాకెందుకండీ అన్నాను. అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు.

"నీకు కాదులే. నీలో వొచ్చే ముసల్దానికి" అన్నాడు, నవ్వుతూనే. తరువాత మొహం పక్కకు తిప్పుకుని, మా గుమ్మాన్ని వేలి కణుపుతో తట్టి, విని, వెళ్ళిపోయాడు.

ఆయన ఆవిడ వెనకాలే వెళ్ళిపోలేదు. చాలాకాలం బతికాడు. మా ఊరికి కరెంటు దీపాలు వస్తే స్తంభాలను తట్టాడు, రేడియో వస్తే రేడియోను తట్టాడు. నేనెన్నడూ ఆ పిడి సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. పాతగుడ్డలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాను.

"సూసేనమ్మా, మొత్తం విప్పేను" అన్న మెకానిక్కు మాటకు ఈ లోకంలోకి వచ్చాను. ట్యాంకు అడుగు నిజంగానే పోయింది. అతను చెప్పింది సరైనదే. కొత్తది బిగించడానికి ఎంతవుతుందో మా కోడలితో లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

నా పెట్టెలో అడుగున గుడ్డమూట ఉంది, తెమ్మన్నాను కోడల్ని. తెచ్చి విప్పింది. ఎరుపు కాస్త నల్లబడింది గాని పసుపు అలాగే ఉంది. ఇదేమిటత్తయ్యా అంది.

"కొత్త గీజరు పెడతావో పాతదే బాగుచేత్తావో నీ ఇష్టం నాయనా. కుళాయికి మాత్రం ఇది బిగించు" అన్నాను మెకానిక్కుతో.

అతను పిడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది పట్టాలంటే కుళాయి మార్చాలి, ఇనుపగొట్టంతో జోడు చేయించాలి, ఉత్తపుణ్యానికి బోలెడు ఖర్చు, అసలు దేనికమ్మా అన్నాడు.

ఈ చలికాలం మొదలైనప్పటినుంచి నేను కొంగులోనే దాచుకుంటున్న చేతులు బయటికి తీశాను. కోడలు ఇన్నాళ్ళూ చూడలేదు, చూడనివ్వలేదు నేను. ముడుచుకున్న నా వేళ్ళకేసి చూసింది. పొద్దున్నే నేను స్నానం ఎందుకంతసేపు చేస్తున్నానో, తల దువ్వుకోకుండా ఎందుకు కూర్చుంటున్నానో ఇప్పుడు తెలిసినట్టుంది పిల్లకు. నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

మెకానిక్కు ఖర్చు వేళ్ళమీద లెక్కపెట్టబోయాడు.

"ముందు బిగించు బాబూ. ఎంతవుద్దో తర్వాత సెబుదువు" అంది మా కోడలు.